నిప్పుల దగ్గర నిలబడ్డ ఆవిడ

ఆదివారానికి చేయాల్సినవి:

మటన్ కీమా రెండుసార్లు మిషన్లో ఆడించి తేవాలి. కొవ్వు పూర్తిగా తీసేయొద్దని చెప్పాలి.

పెరుగు శనివారం పొద్దున్నే గుడ్డలో మూటకట్టి కుళాయికి వేలాడదీయాలి.

ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఉప్పు చల్లి, నీరంతా పిండేయాలి. ఈసారి మర్చిపోకూడదు.

పచ్చి బొప్పాయి నూరాలి. మటన్ ముక్కలకే, కీమాకి కాదు.

బొగ్గులు ఎండలో పోయాలి.

ఆయన నీలం చొక్కా ఇస్త్రీ.

అమ్మకి చీర తీసి పెట్టాలి. మరీ కొత్తది కాకుండా, మరీ చిరిగింది కాకుండా.

చిలకకి చెప్పాలి: అక్కడ అమ్మమ్మని అమ్మమ్మా అని పిలవకూడదు.

నేను నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. ఏదైనా కాగితం మీద రాసుకుని, అయినదాని మీద గీత కొట్టడం అక్కడ అలవాటైంది. ఈ కాగితం రాసి రెండు వేసవులు దాటింది. అన్నిటి మీదా గీత కొట్టాను, చివరిదాని మీద కూడా. అక్కడికి వచ్చేసరికి పెన్ను కాస్తయినా తడబడిందేమో అని అప్పుడప్పుడూ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తుంటాను. తడబడలేదు. మిగతా గీతల్లాగే అదీ తిన్నగా ఉంది.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు ఒక మిల్లు గేటు ముందు బండి పెట్టింది. బండికి మూడు చక్రాలు, నాలుగోవైపు రాళ్ళు. షిఫ్టు వదిలే వేళకి బొగ్గుల మీద ఊచలు తిప్పుతూ ఉండేది. మటన్ ముక్కలకి పాత సైకిలు చక్రాల ఊచలు, కీమాకి మాత్రం కమ్మరి చేత కొట్టించుకున్న పలకల చువ్వలు. గుండ్రటి చువ్వ మీద కీమా నిలవదు, చువ్వ తిరుగుతుంది గానీ మాంసం తిరగదు అనేది. ఆవిడకి చదువు రాదు. మా నాన్న నాకు ఊహ తెలిసేలోపే పోయాడు. నేను డిగ్రీ చదివాను. మా ఇంట్లో, మా అమ్మ ఇంట్లో, మా అమ్మమ్మ ఇంట్లో ఎక్కడ వెతికినా నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. పొగ వాసన అంటకుండా నా పుస్తకాలకి అమ్మ ప్లాస్టిక్ కవర్లు చుట్టేది. కాలేజీ నుంచి నేను బండి వైపు వస్తుంటే, నా వెనక క్లాసు అమ్మాయిలు ఎవరైనా కనిపిస్తే చాలు, అమ్మ చువ్వతోనే సైగ చేసేది, అటు నుంచి అటే పొమ్మని. నేను పోయేదాన్ని. ఒకసారి మా క్లాసు అమ్మాయి ఒకత్తి ఆకలేసి ఆ బండి దగ్గరే ఆగింది. నేనూ పక్కన నిలబడ్డాను. అమ్మ మా ఇద్దరికీ చెరో చువ్వ ఇచ్చింది. నన్ను కూడా "ఏం కావాలమ్మాయ్?" అని అడిగింది. ఆ అమ్మాయి వెళ్ళాక ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఇదెందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదంతా మా ఆయన మీదికి తోసేయడం తేలిక. అమ్మకి ఆ పని అలవాటు చేసింది ముందు నేను.

పెళ్ళి మాటలప్పుడు మధ్యవర్తి మా అమ్మది హోటల్ వ్యాపారం అని చెప్పాడు. మేం కాదనలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకి నిజం తెలిసింది. ఆయన గొడవేమీ చేయలేదు. "ఎవరికీ చెప్పక్కర్లేదులే" అన్నారంతే. ఆ మాట నన్ను మన్నించడం అనుకుని చాలా ఏళ్ళు కృతజ్ఞతగా ఉన్నాను.

ఆయన చెడ్డవారు కాదు. ఈ వాక్యం నాకు తెలిసిన ఆడవాళ్ళందరి దగ్గరా విన్నాను, అందుకని రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. ఒక యంత్రాల కంపెనీలో అసిస్టెంట్ మేనేజరు. మా పెళ్ళయిన మూడో ఏడు వేసవిలో పెరట్లోకి ఒక పెద్ద బార్బెక్యూ పొయ్యి కొన్నారు. నాలుగు కాళ్ళు, మూత, పక్కన పటకార్లు తగిలించుకోడానికి కొక్కేలు. అప్పటినుంచీ వేసవిలో రెండు వారాలకొక ఆదివారం ఆయన ఆఫీసువాళ్ళు సాయంత్రం మా పెరట్లో చేరతారు. శుక్రవారం రాత్రి నుంచీ నేను తరుగుతాను, నూరుతాను, పిండుతాను, పిసుకుతాను, ఊచలకి గుచ్చుతాను, పళ్ళేలలో వరసగా పేర్చి తడిగుడ్డ కప్పుతాను. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆయన ఏప్రన్ కట్టుకుని, పటకారు తీసుకుని, వాటిని నిప్పుల మీద పెడతారు. "అబ్బ, ఏం చేశావయ్యా" అని అందరూ ఆయన భుజం తడతారు. మసాలా రహస్యమేంటని అడిగితే, ఎన్నో ఆదివారాలు పరిశోధన చేసి సాధించానని ఆయన నవ్వుతారు. మొదట్లో ఆ మాటకి నా వైపు చూసి కన్ను గీటేవారు. తర్వాత్తర్వాత గీటడం మానేశారు. తనే నమ్మేశారనుకుంటాను. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ దృశ్యం చూసి, "మగాడు పొయ్యి దగ్గర నిలబడి ఇంతమందికి చేసి పెడుతున్నాడు, నువ్వు పెట్టి పుట్టావు" అన్నారు. ఆ సమయానికి నేను అంట్లు తోముతూ మోచేతుల దాకా నురగలో ఉన్నాను. అవునత్తయ్యా అన్నాను.

అమ్మ మా ఇంటికి వచ్చింది ఆ రెండేళ్ళ కిందటి వేసవిలో. రెండు కళ్ళకీ శుక్లాలు, ముందు ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొగ లేని బండి లేదు కాబట్టి బండి ఎవరికో ఇచ్చేసి, చువ్వలు మాత్రం పాత చీరలో చుట్టుకుని తెచ్చుకుంది. మా పాప అమ్మమ్మకి అతుక్కుపోయింది. ఏ మాట అంటే ఆ మాట తిరిగి అప్పజెప్తుందని అమ్మే దానికి చిలక అని పేరు పెట్టింది. అప్పటికి దానికి ఏడేళ్ళు.

ఆ వేసవిలో మొదటి బార్బెక్యూకి ఆయన కంపెనీ పెద్ద మేనేజరుగారు, భార్యతో వస్తున్నారని తెలిసింది. కంపెనీలో పైవాళ్ళలో ఒకరు రిటైరవుతున్నారు, ఆ కుర్చీ మీద మా ఆయనకి ఆశ ఉంది. ముందురోజు ఆయన నాతో మెల్లగా అన్నారు. "అత్తయ్య గదిలోనే పడుకుంటే ఆవిడకీ హాయి కదా. అంతమంది కొత్తవాళ్ళ మధ్య ఆవిడకే ఇబ్బంది." పక్క గదిలోంచి అమ్మ వింది. "నాకూ అదే బావుంటుంది బాబూ" అని అక్కడినుంచే జవాబు చెప్పింది.

అంతా అనుకున్నట్టే జరిగి ఉండేదే. శనివారం మా ఆఫీసులో ఎవరిదో వీడ్కోలు సభ. మా సెక్షన్ హెడ్డుకి నేను మంచి వంటమనిషినని తెలుసు కాబట్టి ప్రతి సభకీ తినేవి చూసే పని నాదే. మగవాళ్ళు ఉపన్యాసాలు చెప్తారు, నేను పళ్ళేలు సర్దుతాను. పన్నెండేళ్ళుగా ఆ విభాగంలో ఉన్నాను, ఇంతవరకూ ఒక్క సభలోనూ నన్ను మాట్లాడమని అడగలేదు, సమోసాలు సరిపోతాయా అని తప్ప. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక అవన్నీ సర్ది ఇల్లు చేరేసరికి పొద్దుపోయింది. ఆ హడావిడిలో ఉల్లిపాయల నీరు పిండకుండానే కీమాలో కలిపేశాను.

ఆదివారం మొదటి మూడు చువ్వలూ నిప్పుల మీద పెట్టీ పెట్టగానే కీమా జారి బొగ్గుల్లో పడింది. పెద్ద మేనేజరుగారి ముందే. మా ఆయన లోపలికి వచ్చారు. మొహం మీద బయటివాళ్ళ కోసం పెట్టుకున్న నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వుతోనే, పళ్ళ మధ్య నుంచి, "ఏం చేశావ్?" అన్నారు. గది తలుపు తెరుచుకుంది. అమ్మ బయటికి వచ్చింది. గిన్నెలో వేలు పెట్టి చూసి, "నీరు ఊరింది" అంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వంటగదిలో కింద కూర్చుంది, బేసిన్ రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. శనగపిండి వేయించి ఇమ్మంది. చల్లి, అరచేతి మడమతో కీమాని నొక్కి నొక్కి పిసకడం మొదలుపెట్టింది. మధ్యలో కొంచెం ముద్ద తీసుకుని అరచేతికి అంటించి చేయి బోర్లిస్తుంది. పడిపోతే ఇంకా పిసకాలి. అంటుకుని ఉంటే అయినట్టు. చిన్నప్పుడు ఆ బోర్లించిన చేతి కింద నేను దోసిలి పట్టి కూర్చునేదాన్ని.

అప్పుడే మేనేజరుగారి భార్య వంటగదిలోకి వచ్చారు. మంచినీళ్ళ కోసమో, ఊరికే పలకరిద్దామనో. అమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. కాసేపు ఆ చేతుల్ని అలాగే చూశారు.

"ఎక్కడ పట్టారండీ ఈవిడని?" అన్నారు. "మా ఇంట్లో వంటమనిషి నిలవక చస్తున్నాం. వచ్చే నెల మా పెళ్ళిరోజుకి ఈ కబాబులే పెట్టిద్దామనుకుంటున్నాను. పంపిస్తారా?"

ఈవిడ మా అమ్మ. మూడు మాటలు. ఈవిడ అనేదాకా వచ్చాను కూడా. ఆవిడ వెనకాల మా ఆయన ఖాళీ పళ్ళెంతో నిలబడి ఉన్నారు. తల అడ్డంగా ఊపలేదు, కళ్ళెర్ర చేయలేదు. ఊరికే నా వైపు చూశారు. అరక్షణం అంతే. ఆ అరక్షణంలో అమ్మ నా మొహంలోకి చూసింది.

"చెప్పండమ్మా, వస్తాను" అంది మేనేజరుగారి భార్యతో. "మేడమ్ గారు పంపితే."

చేయి బోర్లించింది. ముద్ద పడలేదు.

ఆ సాయంత్రం అందరూ మెచ్చుకుంటూ వెళ్ళారు. తలుపు వేశాక నేను మా ఆయనతో, ఇప్పుడేం చేద్దాం, ఫోన్ చేసి చెప్పేద్దాం అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "నేనేమన్నా అన్నానా? అన్నది అత్తయ్యే కదా. ఇప్పుడు కాదంటే మనం అబద్ధాలకోరులం అవుతాం" అన్నారు. ఇంకాసేపాగి, ఒక్క పూటే కదా అన్నారు. అమ్మ కూడా అదే మాట అంది. "ముప్ఫై ఏళ్ళు చేశాను, ఇంకో పూట చేస్తే అరిగిపోతానా?" డాక్టరు పొగ వద్దన్నాడు కదమ్మా అంటే, "పొగకి నేనెవరో తెలుసులేవే, నా జోలికి రాదు" అని నవ్వింది. చిలక పడుకున్నాక నేను అమ్మ పక్కన మంచం మీద కూర్చుని, కంట్లో చుక్కలు వేస్తూ, నన్ను మేడమ్ అన్నావేంటమ్మా అని అడిగాను. అడగడంలో ఎంత నిష్ఠూరం ఉందంటే, తప్పు ఆవిడదే అయినట్టు.

"మరేమనాలి?" అంది కళ్ళు మూసుకునే. "నీ మొహం చూశాను. నీకేం కావాలో అదే అన్నా."

మూడు వారాల గడువు. ఆ మూడు వారాలూ ప్రతిరోజూ చెప్పాలనుకున్నాను. ఆఫీసులో నా పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో అడగడమే: మీ పేరేంటి, ఇంటి నంబరెంత, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు. నాలుగు గడులు. ఎంత కోపంగా ఉన్నవాళ్ళయినా, ఎంత ఏడుస్తున్నవాళ్ళయినా ఆ నాలుగు గడుల్లోకి సర్దుకుంటారు. నాకు మాత్రం ఏ గడి దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. రెండో వారం, భోజనాల వేళ, ధైర్యం చేసి మేనేజరుగారి భార్యకి ఫోన్ చేశాను. ఆవిడ ఎంతో సంతోషంగా, మీ వంటావిడ ఎలా ఉంది, ఒంట్లో బానే ఉంది కదా అని అడిగారు. ఆరోగ్యం పాడైందేమో, రాలేకపోతుందేమో అని ఆవిడ భయం. బానే ఉందండీ అన్నాను. ఎందుకు చేశారని అడిగితే, ఎంతమంది వస్తున్నారో కనుక్కుందామని, మాంసం దానికి తగ్గట్టు నానబెట్టాలి కదా అన్నాను. అరవై మంది దాకా అన్నారు. రాసుకున్నాను.

చిలకతో శనివారం చెప్పాను. అదొక ఆట అన్నాను.

"గెలిస్తే ఏమిస్తావ్?"

"ఏం కావాలి?"

"ఎర్ర గొడుగు. అమ్మమ్మని మరేమనాలి?"

"ఆంటీ అను."

ఆ రోజంతా ఇల్లంతా తిరుగుతూ, ఆంటీ నీళ్ళు కావాలి, ఆంటీ జడ వెయ్యి అని అమ్మ దగ్గర అప్పజెప్పుకుంది. 'వెయ్యి' కాదే, 'వెయ్యండి' అని అమ్మే దిద్దింది.

మేనేజరుగారి ఇంటి వెనక పెద్ద పచ్చిక. చెట్లకి రంగు దీపాలు. పొయ్యి మాత్రం పచ్చిక చివర, పొద చాటున పెట్టించారు, అతిథుల మీదికి పొగ రాకుండా. గాలి అటే వీస్తోంది. అమ్మ గాలి వీచే వైపు నిలబడింది, నేను తీసి పెట్టిన గోధుమ రంగు చీరలో. పొద్దున్నే బస్సెక్కి ఒక్కతే వచ్చింది, మాతో కార్లో దిగితే బావుండదని. మా ఆయన నీలం చొక్కాలో అటూ ఇటూ తిరుగుతూ, ఒక చేత్తో పటకారు ఊపుతూ, నిప్పు ఎంత ఉండాలో, ముక్క ఎప్పుడు తిప్పాలో నలుగురికి వివరిస్తున్నారు. మధ్యమధ్యలో పొయ్యి వైపు తిరిగి, "అమ్మా, కొంచెం నిమ్మరసం చల్లండమ్మా" అంటున్నారు. ఇంట్లో ఆయన మా అమ్మని ఏమనీ పిలవరు. ఏదైనా కావాలంటే నా వైపు చూసి, గాలిలోకి చెప్తారు. పన్నెండేళ్ళలో ఆయన నోట మా అమ్మని ఉద్దేశించి అమ్మా అన్న పిలుపు వినడం అదే మొదటిసారి. వంటవాళ్ళని పిలిచే పిలుపు అది.

నేను అతిథిని. నా చేతిలో పళ్ళెం ఉంది. పని లేకుండా నిలబడటం నాకెప్పుడూ రాదు, ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అస్సలు తెలియలేదు. వరసలో నిలబడి నా వంతు వచ్చేసరికి అమ్మ నన్ను చూసింది. ఎడమ కన్ను ఎర్రగా నీరు కారుతోంది. ఒక చువ్వ పక్కకి తీసి పెట్టి ఉంచింది. దాని కొస ముక్క తీసి నా పళ్ళెంలో పెట్టింది. అంచులు నల్లగా మాడి, లోపల మెత్తగా ఉండే ముక్క. చిన్నప్పటినుంచీ అది నాది. మిల్లు గేటు దగ్గర ఎంత గిరాకీ ఉన్నా, ప్రతిరోజూ ఒక కొస ముక్క ఆకులో చుట్టి బండి కింద దాచేది. "తీసుకోండి మేడమ్, ఇది బాగా కాలింది" అంది. అక్కడున్న అరవై మందిలో మా ఇద్దరికి తప్ప ఎవరికీ ఆ ముక్క సంగతి తెలియదు. నేను థాంక్స్ అన్నాను. మా అమ్మతో. తినలేకపోయాను. కాగితం రుమాలు కప్పి పళ్ళెం ఒక బల్ల మీద పెట్టేశాను.

చిలక పరిగెత్తుకుంటూ వచ్చింది. అమ్మమ్మా అనేస్తుందేమో అనుకున్నాను. పొయ్యి ముందు ఆగి, రెండు చేతులూ వెనక కట్టుకుని, "ఆంటీ, నాకు ఇంకొకటి పెట్టండి" అంది. గొంతు కూడా మార్చింది. "ఇదిగో పాపగారూ" అంది అమ్మ. నా కూతురు నా వైపు తిరిగి, గెలిచానా అన్నట్టు కళ్ళెగరేసింది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఒక్కటి నా దగ్గరి నుంచి ఎవరైనా తిరిగి తీసేసుకుంటే బావుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెలుగు ఇంకా ఉండగానే భోజనాలయ్యాయి. మేనేజరుగారి భార్య నన్ను వెంటబెట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చారు. మంచావిడ. అమ్మకి కుర్చీ వేయించారు, నీళ్ళు తెప్పించి ఇచ్చారు. ఆ రోజంతా మా అమ్మని కూర్చోమన్నది ఆవిడొక్కరే. ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగారు. కడుపే నేర్పిందమ్మా అని అమ్మ నవ్వింది. పిల్లలున్నారా అని అడిగారు.

"ఒక్కతే కూతురండీ. డిగ్రీ చదివింది."

"అబ్బో. ఎక్కడుంది మరి?"

నేను వాళ్ళిద్దరికీ మధ్య నిలబడి ఉన్నాను. చేయి చాపితే అమ్మ భుజం అందుతుంది. అమ్మ చీర కొంగుతో కన్ను ఒత్తుకుంది.

"దూరంగా ఉందండీ" అంది.

ఆవిడ అయ్యో అన్నారు. లోపలికి వెళ్ళి మిగిలిన కబాబులు రేకు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, "మీ అమ్మాయి వచ్చినప్పుడు పెట్టండి" అని అమ్మ చేతిలో పెట్టారు. నన్ను చూసి, "అదృష్టవంతులండీ మీరు, ఇలాంటి మనిషి దొరికింది" అన్నారు. నేను అవునన్నాను. ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది, అదీ ఆవిడ అనుకున్న అర్థంలో కాదు.

అమ్మ వీధి చివరి దాకా నడిచి, రెండో మలుపు దగ్గర బస్‌స్టాపులో కూర్చుంది. మేం అందరికీ వీడ్కోలు చెప్పి, కారు ఆ మలుపు తిప్పి ఎక్కించుకున్నాం. తలుపు మూసీ మూయకముందే చిలక ఆవిడ ఒళ్ళోకి దూకి, "అమ్మమ్మా, నేనే గెలిచాను, ఒక్కసారి కూడా తప్పలేదు" అంది. చూశావా తెలివి అని మా ఆయన నవ్వారు. ఆయన మనసంతా తేలికగా ఉంది, మేం బయల్దేరేటప్పుడు మేనేజరుగారు ఆయన భుజం మీద చేయి వేశారు. కారు కొంత దూరం వెళ్ళాక చిలక ముందు సీటు వైపు వంగి నన్ను అడిగింది.

"అమ్మా, నేను పెద్దయ్యాక నువ్వు మా ఇంటికి వస్తే నిన్ను కూడా ఆంటీ అనాలా?"

దానికి జవాబు కావాలి, అది ఆడుకోవడం లేదు, తెలుసుకుంటోంది. అమ్మే అందుకుంది. "దానికింకా చాలా టైముంది గానీ, నీ గొడుగు ఏ రంగన్నావ్?" అంది. చిలక గొడుగు గురించి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ కిటికీ వైపు తిరిగి మోచేత్తో కన్ను తుడుచుకుంటుంటే, పొగా అమ్మమ్మా అని అడిగింది. పొగే అంది అమ్మ.

ఇంటికి వచ్చాక వంటగదిలో అమ్మ ఆ పొట్లం విప్పింది. చల్లారిపోయి, కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. "తిను" అంది. "మా అమ్మాయికి పెట్టమని ఇచ్చారు." ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి అది రాదు. నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఆవిడకి తెలుసు. నిలబడే తిన్నాను, చేత్తో, ఒకదాని తర్వాత ఒకటి, మింగుడు పడకపోయినా. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. చేసినవి ఎలా ఉన్నాయని ఆవిడ అడిగింది నన్నొక్కదాన్నే, అదీ ఆ ఒక్కమాటే. దానికైనా ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పి ఉండాల్సింది.

కోపంతో అరిచానని, పటకార్లు బయటికి విసిరేశానని, మర్నాడే ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టానని రాయాలని ఉంది. అవేవీ చేయలేదు. వారం తిరక్కుండా అమ్మ తన ఇంటికి వెళ్ళిపోయింది. కన్ను ఎర్రదనం తగ్గింది గానీ ఎడమ కంటి ముందు ఒక మసక తెర మిగిలిపోయింది. పొగ వల్లే అని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. మా ఆయనకి ఆ కుర్చీ వచ్చింది. ఇప్పటికీ మా పెరట్లో చేరినప్పుడు ఎవరో ఒకరు, ఆ వంటావిడ ఏమైందని అడుగుతారు. ఊరికి వెళ్ళిపోయిందని ఆయన చెప్తారు. నేను లోపల కీమా పిసుకుతూ వింటాను. అమ్మ పలకల చువ్వలు మాకే వదిలి వెళ్ళింది. వాటి మీద మాంసం ఎప్పుడూ జారలేదు. చిలకకి ఎర్ర గొడుగు కొన్నాం. కిందటి నెల దాన్ని కూర్చోబెట్టి, ఆ రోజు అది ఆట కాదని, తప్పు చేశానని చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్ల. అంతా విని, "మరి ఇప్పుడు వాళ్ళకి చెప్తావా?" అంది. చెప్తానన్నాను. ఎప్పుడు అని అడగకుండా లేచి వెళ్ళిపోయింది. నా మాట మీద దానికెంత నమ్మకముందో అప్పుడు తెలిసింది.

ఇదిగో, ఇలా చెప్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పలేనిదాన్ని, కాగితం మీదే చెప్పగలను. రోజూ ఇతరుల కోసం నింపే నాలుగు గడుల్లో మూడు ఇప్పటికి నిండాయి. నాలుగోది, ఏం కోరుతున్నారు. పెద్దగా ఏమీ లేదు. ఆ ఆదివారం ఆ పచ్చిక మీద తిన్న అరవై మందిలో ఎవరైనా ఇది చదివితే, చదవకపోయినా ఇంకెక్కడైనా, ఎవరి పెరట్లోనైనా, వేసవి సాయంత్రం ఎవరో మీ పళ్ళెంలో అంచులు మాడిన ఒక కొస ముక్క పెడితే, ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొద చాటున, పొగ వీచే వైపు, గోధుమ రంగు చీరలో నిలబడి, మోచేత్తో ఎడమ కన్ను తుడుచుకుంటూ మీ అందరికీ వడ్డించిన ఆవిడని గుర్తు పెట్టుకోండి. ఆవిడ మా అమ్మ.